ఆకలిని అణచు సూది

సెలవులకు ఊరికి వెళ్లిన మనుమని చూచి, 'ఎంత చిక్కిపోయినావురా!' అని అవ్వ గడపలోనే నిట్టూర్చుట మన తెలుగు ఇండ్లలో తరతరాలుగా వచ్చుచున్న మర్యాద. పిల్లవాడు నిజముగా చిక్కినాడా లేదా అను ప్రశ్న అచ్చట అప్రస్తుతము. 'ఒళ్లు చేసినాడు' అనుట మొన్నమొన్నటి వరకు మెచ్చుకోలు మాట. ఇంట ధాన్యమున్నదనుటకు, రోగము లేదనుటకు అది గుర్తు. కరవులను చూచిన జాతి కండను, కొవ్వును వేరుచేసి చూడకపోవుటలో వింత యేమియు లేదు.

ఇప్పుడా మాట తలక్రిందులైనది. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలన ననుసరించి, ఆంధ్రప్రదేశమున స్త్రీలలో మూడవ వంతుకు పైగా ఉండవలసిన దానికంటె అధికమైన బరువు కలవారు. తెలంగాణమున నూటికి ముప్పదిమంది. దేశము మొత్తముమీద చూచినచో నూటికి ఇరువదినాలుగు. అనగా ఈ విషయమున మన రెండు రాష్ట్రములు దేశమునకంటె ముందున్నవి. ఇది గర్వింపదగిన ముందంజ కాదు.

ఇట్టి సమయమున, బరువు తగ్గించు సూదిమందులు మన అంగళ్లలోనికి వచ్చినవి. 2025 మార్చిలో టిర్జెపటైడు అను మందు మౌంజారో పేరుతోను, అదే సంవత్సరము జూనులో సెమాగ్లూటైడు వెగోవీ పేరుతోను భారతదేశమున అమ్మకమునకు విడుదలయినవి. సెమాగ్లూటైడుపై మన దేశమున పేటెంటు గడువు 2026 మార్చి వరకే. ఆ గడువు తీరిన పిమ్మట అదే మందును చౌకగా తయారుచేయుటకు సిద్ధపడిన కంపెనీలలో మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ ఒకటి. విడుదలనాడు మౌంజారో చిన్న మోతాదు సీసా యొక్క వెల 3,500 రూపాయలు. వారమునకొకటి చొప్పున నెలకు నాలుగు, అనగా 14,000. ఇది సామాన్య ఉపాధ్యాయుని ఇంటి అద్దెకు మించిన మొత్తము. వెల తగ్గుకొలది ఈ మందు సంపన్నుల ఇండ్లనుండి మన వీథిలోనికి, మన ఉపాధ్యాయుల విశ్రాంతి గదిలోనికి, కాలేజీ విద్యార్థుల సంభాషణలలోనికి రాక తప్పదు. కావున దానినిగూర్చి తెలిసికొనుట ఇప్పుడు అవసరము.

ఈ మందు కథ ఒక బల్లితో ముడిపడియున్నదన్నచో పిల్లలు సంతోషింతురు. అమెరికా నైఋతి ఎడారులలో హీలా మాన్‌స్టర్ అను విషపు బల్లి కలదు. ఏడాదికి కొలదిసారులు మాత్రమే భుజించి, తోకలో కొవ్వు దాచుకొని బ్రదుకు జంతువది. న్యూయార్కు నగరమున బ్రాంక్సులోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేయుచుండిన జాన్ ఎంగ్ అను వైద్యుడు దాని విషమును పరీక్షించుచు, 1992లో అందొక కొత్త పదార్థమును కనుగొనెను. అది మానవుని ప్రేవులలో పుట్టు జీఎల్‌పీ-1 అను హార్మోనును పోలియున్నది.

ఈ జీఎల్‌పీ-1 మనకందరకు ఉన్నదే. అన్నము ప్రేవులలోనికి దిగగానే ఇది పుట్టి రక్తములో కలియును. రక్తమున చక్కెర పెరిగినప్పుడు ఇన్సులినును విడువుమని క్లోమమునకు చెప్పును. జీర్ణాశయము ఖాళీయగుటను మందగింపజేయును. మెదడునకు 'ఇక చాలు' అను కబురు అందజేయును. విస్తరిముందు కూర్చున్నవాడు, వడ్డించువారు బలవంతపెట్టినను, చేయి అడ్డుపెట్టునది ఈ కబురు అందినందువలననే. అయితే శరీరమున పుట్టిన ఈ హార్మోను రెండు నిమిషములలో సగము నశించిపోవును. దానిని మందుగా వాడవలెనన్నచో ఆయుర్దాయము పెంచవలెను. బల్లి విషములోని పదార్థము అంత త్వరగా నశింపదు. దాని ననుసరించి చేసిన ఎక్సెనటైడు అను మందు 2005లో అమెరికాలో మధుమేహ రోగులకు అనుమతింపబడెను. తరువాత డెన్మార్కు దేశపు నోవో నార్డిస్క్ కంపెనీలో లోటె క్నూడ్సెన్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును మరియొక మార్గము త్రొక్కిరి. మానవ హార్మోనుకే కొవ్వు ఆమ్లపు తోక నొకదానిని తగిలించిరి. రక్తములోని ఆల్బుమినును ఆ తోక పట్టుకొని వ్రేలాడును. కావున త్వరగా నశింపదు. ఆ విధమున రోజునకొక్కమారు పొడుచుకొనదగిన లిరాగ్లూటైడును, పిదప వారమునకొక్కమారు చాలునట్టి సెమాగ్లూటైడును పుట్టినవి. ఆమెకును, హార్మోను నిజరూపమును తేల్చిన జోయెల్ హేబెనర్, స్వెత్లానా మోయ్సోవ్ అనువారికిని 2024లో లాస్కర్ బహుమానము లభించెను.

ఇక ఫలితముల మాట. 2021లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో 1,961 మంది పెద్దవారు పాల్గొనిరి. అందరకును ఆహారము తగ్గించుకొనుమని, వారమునకు నూటయేబది నిమిషములు నడువుమని సలహా లిచ్చిరి. కొందరికి సెమాగ్లూటైడు, కొందరికి మందులేని ఉత్తసూది. 68 వారముల పిదప మందు పుచ్చుకొన్నవారు సగటున తమ బరువులో నూటికి 14.9 వంతులు తగ్గిరి. ఉత్తసూది వారు 2.4 వంతులు. మరుసటి సంవత్సరము టిర్జెపటైడుతో జరిగిన పరీక్షలో, పెద్ద మోతాదు పుచ్చుకొన్నవారు 72 వారములలో 20.9 వంతులు తగ్గిరి.

ఈ అంకెలలో పత్రికలు పెద్దదానిని ఎత్తి చూపినవి. నాకు మాత్రము ఆ చిన్న అంకె, 2.4, ఎక్కువ మాటలు చెప్పుచున్నట్లు తోచును. వారు సోమరులు కారు. తామే ముందుకు వచ్చి పరీక్షలో చేరినవారు. నిపుణుల సలహాలు మాసమాసము వినినవారు. అయినను సలహా వారికి తెచ్చిపెట్టిన లాభమంతే. సలహా అదే, మనుష్యులు అట్టివారే. ఒక్క హార్మోను జాడ మార్చగానే ఫలితము ఆరురెట్లయినది. అనగా ఇంతకాలము మనము గుణదోషముగా ఎంచినదానిలో అధికభాగము శరీరధర్మము. ఒకనికి నాలుగు ఇడ్లీలతో వచ్చు 'చాలు' మరియొకనికి ఎనిమిదింటికిని రాదు. అది వాని అశ్రద్ధ కాదు. వానికి అందవలసిన కబురు ఆలస్యముగా అందుచున్నది.

మన భాషలో తిండిని గూర్చిన ఎత్తిపొడుపులకు కొదువలేదు. భీముని వృకోదరుడన్నారు. మాయాబజారు చిత్రములో ఘటోత్కచుడు పెండ్లివారి వంటకములన్నియు ఒక్కడే ఆరగించుట చూచి 1957 నుండి మూడుతరములవారు నవ్వుచున్నారు. ఆ నవ్వు మంచిదే. పురాణపురుషులకు బాధ లేదు. తరగతిలో మూడవ బల్లపై కూర్చున్న పిల్లవానిని బకాసురుడని పిలిచినప్పుడు మాత్రము అది వేరు సంగతి.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పుకొనవలసియున్నది. ఇరువది యేండ్లక్రిందట నేను తొమ్మిదవ తరగతి ఉపాధ్యాయుడను. ఏటేట జరుగు ఆరోగ్య పరీక్షనాడు పిల్లలను వరుసగా త్రాసు యంత్రముపై నిలిపి, ఒక్కొక్కరి బరువు నేను బిగ్గరగా చదువుచుంటిని. ప్రక్కన గుమాస్తా పుస్తకములో వ్రాయుచుండెను. ఒక బాలిక వంతు వచ్చినది. అంకె చదివి, ఏదో చమత్కారము పలికితిని. ఏమి పలికితినో ఇప్పుడు వ్రాయుటకు మనసొప్పదు. తరగతి అంతయు నవ్వినది. నేనును నవ్వితిని. రెండువారముల పిదప ఆమె ఉదయపు ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయినది. మరునాడు తల్లి వచ్చినది. ఆమెకు నామీద అనుమానము లేదు. "అన్నం మానేసింది మాస్టారూ. ఎవరేమన్నారో చెప్పదు. మీ మాటంటే దానికి గురి. మీరైనా తినమని చెప్పండి" అన్నది. నేను తలయూపితిని. ఆ బాలికను పిలిచి తినుమని చెప్పితిని కూడ. క్షమింపుమని మాత్రము చెప్పలేకపోయితిని.

ఈ మందులు వచ్చినవని చదివినప్పుడెల్ల నాకా ఉదయము జ్ఞాపకము వచ్చుచుండును. ఆకలి శరీరధర్మమని ఆనాడు నాకు తెలిసియుండినచో ఆ మాట అనకపోదునా? ఏమో! తెలిసికొనుట వేరు, నాలుకను అదుపులో నుంచుకొనుట వేరు.

శరీరధర్మమే అయినప్పుడు మందు పుచ్చుకొనుటకు అభ్యంతరమేమి అని విద్యార్థులడుగుదురు. అభ్యంతరము కాదు, అనుభవము చేత కలిగిన జాగ్రత్త. బరువు తగ్గించు మందుల చరిత్ర మొదటినుండియు చక్కనిది కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సులో మందుగుండు కర్మాగారములందు డైనైట్రోఫినాలు అను రసాయనమును తాకిన కూలీలు చిక్కిపోవుట గమనించిరి. 1933లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ వైద్యులు అది బరువును నిజముగా తగ్గించునని చాటిరి. వెంటనే అమెరికాలో వేలమంది కొని మ్రింగిరి. అది శరీరమును లోలోపల కొలిమివలె మండించును. కొందరికి కంటిలో శుక్లములు వచ్చినవి; కొందరు దేహతాపముచే మరణించిరి. 1938లో అమెరికాలో వచ్చిన కొత్త చట్టముతో దాని అమ్మకము నిలిచినది. ఆ పిదప ఉత్సాహమును రేకెత్తించు యాంఫెటమినులు వచ్చినవి. వానితో వ్యసనము వచ్చినది. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటములను చెరచుటచే 1997లో తొలగినది. సిబుట్రమిన్ గుండెపోటుల భయముచే 2010లో అమెరికాలోను, ఐరోపాలోను వెనుకకు మరలినది. ప్రతి మందును వచ్చినప్పుడు అద్భుతమే.

కొత్త మందులు ఆ కోవలోనివి కావని ఇంతవరకు లభించిన సాక్ష్యము చెప్పుచున్నది. హృద్రోగము కలిగి, మధుమేహము లేని స్థూలకాయులు 17,604 మందిపై జరిగి 2023లో వెలువడిన పరీక్షలో సెమాగ్లూటైడు గుండెపోటు, పక్షవాతము, హృద్రోగ మరణములను కలిపి అయిదవ వంతు తగ్గించెను. గుండెను చెరచిన పాత మందులకును, గుండెను కాచుచున్న ఈ మందునకును గల భేదము చిన్నది కాదు. అయినను కష్టములు లేకపోలేదు. వికారము, వాంతులు, విరేచనములు, మలబద్ధము తరచుగా కలుగును. అందుకే చిన్న మోతాదుతో ఆరంభించి నెలనెల కొంచెముగా పెంచుదురు. పిత్తాశయమున రాళ్లు ఏర్పడవచ్చును. క్లోమపు వాపు అరుదుగా రావచ్చును. ఒక జాతి థైరాయిడు క్యాన్సరు వంశమున నున్నవారు వాడరాదు. గర్భిణులు వాడరాదు, గర్భము కోరువారు సెమాగ్లూటైడును కనీసము రెండు మాసములు ముందుగా మానవలెను. తగ్గిన బరువంతయు కొవ్వు కాదు. అందు నాలుగవవంతో, అంతకు మించియో కండ మొదలైన కొవ్వుకాని భాగము. కండ తక్కువ, పొట్ట ఎక్కువగా ఉండు మన భారతీయ దేహములకు ఇది ఆలోచింపవలసిన నష్టము.

మందు మానినచో నేమగును? ఇదియే అసలు ప్రశ్న. పైన చెప్పిన 2021 పరీక్షలోనివారు కొందరు మందును, సలహాలను కూడ నిలిపిన పిదప ఏడాదిలో, పోయిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి పొందిరి. సలహాలు నిలిపినందున పెరిగినదందుమా? 2023లో వెలువడిన టిర్జెపటైడు పరీక్ష ఆ సందేహమును తీర్చినది. అందు సలహాలు కొనసాగినవి. మందు మాత్రమే కొందరికి మానిపించిరి. వారు ఏడాదిలో నూటికి 14 వంతుల బరువు మరల పెరిగిరి. కళ్లజోడు తీసినచో చూపు మసకబారినట్లే ఇదియు. రక్తపు పోటు మందువలె దీర్ఘకాలము వాడవలసినదే తప్ప, పెండ్లికి ముందు మూడునెలలు పొడిపించుకొని మానదగినది కాదు. అట్టి బేరములు మన నగరములలో ఇప్పుడు జరుగుచున్నవని వినికిడి.

మందు ఇంత శక్తి కలదైనప్పుడు, మంచి అలవాట్లు ఎందుకని తోచవచ్చును. డెన్మార్కులో జరిగిన ఒక పరీక్ష దీనికి సమాధానమిచ్చుచున్నది. అందు పాల్గొన్నవారు ముందు ఎనిమిది వారములు మితాహారముతో సగటున పదుమూడు కిలోలు తగ్గిరి. అటుపై ఏడాదిపాటు కొందరికి లిరాగ్లూటైడు, కొందరికి క్రమమైన వ్యాయామము, కొందరికి రెండును, కొందరికి ఏమియు లేదు. ఆ పిదప అన్నియు నిలిపి, మరి యొక ఏడాదికి చూచిరి. మందు మాత్రమే వాడినవారికి బరువు చాలవరకు మరలినది. వ్యాయామము కూడ చేసినవారు తగ్గిన బరువును ఎక్కువగా నిలుపుకొనిరి. మందు విడిచిన క్షణముననే తన పని చాలించును. కాలికి పట్టుబడిన నడక అట్లు చాలింపదు. 2025 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మందులను గూర్చి తొలి మార్గదర్శకములు వెలువరించినప్పుడు, పెద్దవారికి దీర్ఘకాలము వాడవచ్చునని చెప్పుచునే, ఆహార వ్యాయామముల శిక్షణను జతపరచవలెననుట ఇందువలననే. ఆ సంస్థ దేహభార సూచిక 30కి పైబడినవారిని ఉద్దేశించినది. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గముతో భాగించినచో ఈ సూచిక వచ్చును. గణిత ఉపాధ్యాయులు తరగతిలో చేయింపదగిన లెక్క. నూట అరువది సెంటీమీటర్ల మనిషి అరువదినాలుగు కిలోలున్నచో సూచిక సరిగా 25. భారతీయులకు 25 నుండియే స్థూలకాయమని మన వైద్యుల గణన, ఏలనన మనకు ఆ బరువుననే పొట్టలోని కొవ్వు కీడు చేయనారంభించును. ఎదుగు పిల్లలకు మాత్రము ఈ హద్దులు పనికిరావు. వారికి వయసును, లింగమును బట్టి వేరు పట్టికలు కలవు. పెద్ద తరగతుల విద్యార్థులు తమ అంకె చూచుకొని తామే తీర్పు చెప్పుకొనరాదు.

మౌంజారోను మన దేశమున పెద్దల కొరకే అనుమతించిరి. వైద్యుని చీటీ లేక ఏ మందులషాపు వాడైనను ఇచ్చినచో, అది నేరము. ఇంటర్నెట్టులో తక్కువ ధరకు దొరికినచో, అది సెమాగ్లూటైడు కాకపోవచ్చును. 2023లో బ్రెజిల్, బ్రిటన్, అమెరికాలలో నకిలీ మందు పట్టుబడగా, 2024 జూనులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చేయవలసివచ్చినది. సూదులలో నకిలీ అనగా ఏమి ఉండునో ఊహింపవలసినదే.

ఇక మన కంచములు, మన బడులు. కూనూరులో 1918లో ఆరంభమై హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార సూత్రములను వెలువరించినది. దేశమునందలి రోగభారములో సగమునకు మించి, నూటికి 56.4 వంతులు, సరిలేని ఆహారమువలన కలుగుచున్నదని అందులో చెప్పినారు. మన తెలుగువారి కంచము చూడుడు. మధ్యను అన్నపు కొండ, దాని ప్రక్క గరిటెడు పప్పు, ఉన్నదా లేదా అనునంత కూర, ఊరగాయ ఉప్పు. వండుట తెలియకకాదు, పాళ్లు తలక్రిందులగుటవలన. కొండను కూరగను, గరిటెను కొండగను మార్చవలెను. ఆ మార్పునకు డబ్బు కంటె ఇంటి పెద్దల సమ్మతి ఎక్కువ కావలెను. పప్పు, పెసలు, శనగలు, గుడ్డు, పెరుగు, చేప: కండను కాపాడు మాంసకృత్తులు మన వంటయింటిలోనివే. సూదిమందు వాడువారికి ఆకలి తగ్గి తిండి సగమగును కనుక వారికివి మరింత అవసరము.

2025 మేలో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి తన పాఠశాలలన్నిటను 'షుగర్ బోర్డు'లు పెట్టవలెనని ఉత్తరువిచ్చినది. శీతలపానీయములలో, బిస్కట్లలో ఎంత చక్కెర ఉన్నదో పిల్లలకు చూపు పలకలవి. మంచి పనియే. పలక లోపల, బండి గేటు బయట ఉన్నంతకాలము ఎవరిది గెలుపో చెప్పనక్కరలేదు. పలకకంటె నన్ను ఎక్కువగా కలవరపెట్టునది మన కాలనిర్ణయ పట్టిక. ఆటల పీరియడును పరీక్షలకు ముందు గణితమునకు ఇచ్చివేయుట మనమందరము చేసిన పని. నేనును పుచ్చుకొన్నవాడనే. ఇంటర్మీడియట్ చదువు పిల్లలు హాస్టళ్లలో తెల్లవారకముందే లేచి, రాత్రి పదింటివరకు కూర్చున్నచోటు కదలక, అయిదారుగంటలు నిద్రించి, రెండేండ్లు గడుపుచున్నారు. నిద్ర చాలనివానికి ఆకలి పెరుగునని శాస్త్రము చెప్పుచున్నది. అట్టి రెండేండ్ల తరువాత పది కిలోలు పెరిగివచ్చిన పిల్లవానికి తండ్రి సూదిమందు కొనియిచ్చునేమో. ర్యాంకుకు ఒక ఖర్చు, ర్యాంకు తెచ్చిన పొట్టకు మరియొక ఖర్చు.

ఏటేట జరుగు ఆరోగ్య పరీక్ష మా పాఠశాలలో ఇప్పుడును జరుగుచున్నది. త్రాసు యంత్రమును వరండానుండి సైన్సు ప్రయోగశాల ప్రక్కనున్న చిన్నగదిలోనికి మార్పించితిని. ఒక్కొక్కరే లోనికి పోవుదురు. నర్సమ్మ అంకె చీటీపై వ్రాసి, మడిచి, చేతికిచ్చును. కాలము రెట్టింపు పట్టుచున్నదని గుమాస్తా విసుగుకొనుచున్నాడు. పోయిన సంవత్సరము ఆ వరుసలో నిలిచిన ఒక పిల్లవాడు బయటకు వచ్చి, చీటీని జేబులో పెట్టుకొని, ఎవరికిని చూపక నేరుగా మైదానమునకు పరుగెత్తినాడు. అది ఆటల పీరియడు, గణితమునకు ఇచ్చివేయలేదు.